సూతకము లేదు, శోకము కలదు



లింగధారికి సూతకము లేదు. జనన, మరణ, రజో, ఉచ్ఛిష్ట, జాతి సూతకములనెడి యైదింటిని వీరశైవధర్మము త్రోసిపుచ్చినది. ఇష్టలింగము అంగముపై నున్నంతవఱకు ఆ దేహమునకు మైల సోకదు; ప్రాణము విడిచిన పిమ్మటను దానిని శవమని తలపరు. స్నానము చేయించి, విభూతి ధరింపజేసి, కూర్చున్న భంగిమలోనే సమాధియం దుంచి, ఎడమ అరచేత లింగమును నిలిపి, విభూతితోను బిల్వపత్రములతోను కప్పుదురు. చనిపోయెనని యనక లింగైక్యమయ్యెనని చెప్పుదురు. పిండప్రదానము లేదు, ప్రేతశబ్దము లేదు. ఈ మాటలు ప్రతి వీరశైవగృహమునను చిన్ననాటనుండి వినవచ్చునవే.

అయితే ఈ ధర్మము చుట్టును కాలక్రమమున ఒక పొరపాటు పెరిగినది. సూతకము లేదుగదా యని శోకమును గూడ కొట్టివేయుట కొన్ని యిండ్లలో ఆచారమువలె నిలిచిపోయినది. భర్తను పోగొట్టుకొన్న యిల్లాలు మూడవనెల దాటియు కన్నీరు పెట్టినచో, "లింగైక్యమైన వారికొఱకు ఏడ్వవచ్చునా, అమ్మా? వారి గతికి అడ్డము కాదా?" అని పెద్దలే మందలింతురు. కొడుకును పోగొట్టుకొన్న తండ్రి పదునొకండవనాడు అంగడి తెఱచి కూర్చున్నచో, "శరణుడన్న ఇట్లుండవలె" నని మెచ్చుకొందురు. ఆ తండ్రి నడిరేయి నిద్రపట్టక వసారాలో పచార్లు చేయుట ఎవరికిని కానరాదు. సూతకమనునది లోకము ఒకరిపై మోపిన మైల. శోకమన్ననో, ప్రేమించిన హృదయమునకు తగిలిన గాయము. బసవేశ్వరుడు తీసివైచినది మొదటిదానిని. రెండవదానిని గూడ అందులో కలిపివైచినది తరువాతివారు.

ఈ భేదమునకు సాక్ష్యము వెదుక దూరము పోనక్కఱలేదు. పాల్కురికి సోమనాథుడు చెప్పిన పండితారాధ్యచరిత్రము చాలును. మల్లికార్జున పండితారాధ్యుడు వాదములలో పండితులను గెలిచిన ధీశాలి. అట్టివాడు కల్యాణమునం దున్న బసవేశ్వరుని ఒక్కమాఱు కన్నులార చూడవలెనని పయనమయ్యెను. త్రోవలోనే బసవేశ్వరుడు సంగమేశ్వరునియం దైక్యమందెనను వార్త చెవిని బడెను. అంతటి జ్ఞాని అప్పుడు "మంచిది, లింగైక్యమయ్యె" నని చేతులు జోడించి ఊరకుండినాడా? లేదు. వాపోయినాడు. తాను ముఖమైనను చూడని మహనీయుని కొఱకు, చూడక పోతినేయని విలపించినాడు. సోమనాథుడు ఆ విలాపమును దాచలేదు, చిన్నబుచ్చలేదు. గురువు ఘనతలో అదియు నొక భాగముగనే పాడినాడు.

బసవపురాణమునందలి బెజ్జమహాదేవి కథ ఇంతకంటె చిత్రమైనది. ఆమె శోకించినది ఏ మానవుని గుఱించియు కాదు. శివునికి తల్లి లేదే యని శోకించినది. తల్లియే యున్నచో బిడ్డను ఇట్లు వదలివేయునా, విషము త్రాగనిచ్చునా యని తల్లడిల్లి, తానే తల్లియై ఆ స్వామిని పెంచ బూనినది. ఆ దుఃఖమునకు శివుడు నవ్వలేదు; ఆమెకు బిడ్డ యయ్యెను. శివునికే తల్లిలేని కొఱత కలదని తలచి కంటతడి పెట్టిన భక్తురాలిని ఆదరించిన సంప్రదాయము, తల్లిని పోగొట్టుకొన్న పిల్లవానిని ఏడ్వవద్దని గద్దించుట ఎట్లు పొసగును?

సందర్భము వచ్చినది గనుక ఇంకొక మాట. సిరియాలుని కథ మహత్తరమైనదే. కాని బిడ్డను సమాధిచేసి వచ్చిన తల్లి యెదుట, ఆ వారములోనో ఆ నెలలోనో, సిరియాలుని తలిదండ్రుల ధైర్యమును వర్ణించు ప్రవచనకర్తలు కలరు. ఉద్దేశము మంచిదే కావచ్చును. విన్న తల్లికి మాత్రము తన భక్తి చాలలేదను నింద మాత్రమే మిగులును. ఆ కథలో చివరకు తల్లి పిలిచినంతనే బిడ్డ పరుగెత్తి వచ్చును. ఈమె ఎంత పిలిచినను రాడు. కథ చెప్పువారు ఆ యొక్క తేడాను మఱవరాదు.

శోకమునకు దాని నడక యున్నది. మొదటి దినములలో అది వెల్లువవలె ముంచును. కొన్ని వారములకు అలలుగా మాఱును. ఒక అలకును మఱియొక అలకును నడుమ ఎడము పెరుగుచుండును. పోయినవారి పేరు చెప్పుకొని నవ్వగలిగిన దినము వచ్చును. తద్దినములు, పండుగలు వచ్చినప్పుడు మరల పొంగును, మరల తగ్గును. ఎక్కువమందికి ఇట్లే జరుగును. వీరికి కావలసినది వైద్యము కాదు. వేళకు ఇంత అన్నము, ప్రక్కన ఒక మనిషి, కొంత కాలము. "కాలమే మాన్పు" నను పెద్దల మాట వీరియెడ సత్యమే.

అందఱియెడ సత్యము కాదు. కొందఱిలో ఆ వెల్లువ తీయదు. సంవత్సరము గడచినను నిన్ననే జరిగినట్లుండును. పోయినవారికై ఎడతెగని తపన, తలపంతయు వారిమీదనే, వారు లేరను మాటను మనసు నమ్మదు, తనలో సగము చచ్చిపోయినట్లు తోచును, బ్రతుకునకు అర్థము కానరాదు, ఇతరులతో కలియుట భారమగును. వారి వస్తువులను ముట్టనీయక గదికి తాళము వేయువారు కొందఱు, వారి పటమును చూడలేక త్రిప్పిపెట్టువారు కొందఱు. దీనిని నేటి వైద్యశాస్త్రము దీర్ఘశోకమని వేఱుగా గుర్తించినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో దీనికి చోటు కలదు. కనీసము 6 నెలలు గడచియు, ఆ వ్యక్తి సమాజమునందలి ఆచారములకు మించి యుండి, నిత్యజీవనమును కుంటుపఱచినచో ఈ పేరు పెట్టవలెనని అందున్నది. అమెరికా మానసికవైద్యుల సంఘము 2022లో పెద్దలకు 12 నెలలు, పిల్లలకు 6 నెలలు గడువుగా పెట్టినది. సహజమరణముల పిమ్మట సుమారు 10 మందిలో ఒకరికి ఈ స్థితి కలుగునని పరిశోధనలను కూర్చి చూచినవారి అంచనా. హఠాత్తుగానో, ఘోరముగానో జరిగిన మరణములలో, బిడ్డను పోగొట్టుకొన్న తలిదండ్రులలో ఈ పాలు ఇంకను ఎక్కువ.

ఇది భక్తిలోపము కాదు. జ్వరము వచ్చినవానిని చూచి లింగపూజలో లోపము జరిగినదని ఎవరును అనరుగదా.

భవానీపురపు నేలమీద నిలిచి చూచినచో ఈ విషయము గ్రంథములలోనిదిగా తోచదు. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఎదుట కృష్ణమ్మ, నీటి నడుమ భవానీద్వీపము. కార్తికమాసమున పున్నమిఘాట్ మెట్లమీద తెల్లవాఱుజామున దీపములు వెలుగును. ఆ దీపములు వదలు చేతులలో ఎన్ని చేతులు ఆ నీటినే చూడలేక చూచుచున్నవో ఎవరెఱుగుదురు! 2017 నవంబరు 12వ తేది కార్తిక ఆదివారము. భవానీద్వీపమునుండి పవిత్రసంగమమునకు యాత్రికులతో వెళ్లిన పడవ ఇబ్రహీంపట్నము చెంత బోల్తాపడి 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. హారతి చూడ వెళ్లినవారు తిరిగి రాలేదు. పుణ్యకాలమున, పుణ్యనదిలో పోయినారు గనుక ధన్యులని కొందఱు ఓదార్చిరి. ఏటేట కార్తికము వచ్చినప్పుడు ఊరంతయు దీపములు వెలిగించును. ఆ యిండ్లవారికి మాత్రము ప్రతి దీపమును ఆ సాయంకాలమునే తలపునకు తెచ్చును.

నదికి దిగువన దివిసీమ యున్నది. 1977 నవంబరు 19, అదియు కార్తికమే. ఆనాటి తుపానులో సుమారు 5 మీటర్ల యెత్తున సముద్రము భూమిమీదికి నడచి వచ్చినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి; అంతకు ఎన్నో రెట్లని చెప్పువారును కలరు. సొర్లగొంది వంటి ఊళ్లలో ఏడ్చుటకు గూడ మనుషులు మిగులని కుటుంబములుండెను. ఎందఱి దేహములో దొరకలేదు. దొరికినవానిని గుర్తుపట్టుట కుదరలేదు. ఊరిపేరైనను తెలియక సామూహికముగా పూడ్చిరి, కాల్చిరి. దేహమును చూడనివానికి మరణమును నమ్ముట కష్టము. అలల నడుమ చేతిలోనుండి జాఱిపోయిన బిడ్డ ఎక్కడనో బ్రతికియే యున్నదని పదేండ్లు, ఇరువదేండ్లు ఎదురుచూచిన తల్లులు ఆ సీమకు క్రొత్త కాదు. నాడు ఇండ్లు కట్టించినారు, గొడ్లను ఇప్పించినారు, తుపాను ఆశ్రయములు నిర్మించినారు. అవి యన్నియు కావలసినవే. ఆ తల్లి ప్రక్క కూర్చుండి "ఆ రాత్రి ఏమి జరిగెనమ్మా, మొదటినుండి చెప్పు" మని అడుగవలెనను తలపు మాత్రము ఆ దినములలో ఏ సహాయపు పట్టికలోను చేరునది కాదు.

2020, 2021 సంవత్సరముల మహమ్మారి మఱియొక విధమైన గాయము చేసినది. ఆస్పత్రిలోనికి నడచి వెళ్లినవారు మూట గట్టబడి బయటికి వచ్చిరి. అరచేత లింగము నుంచుటకు, నుదుట విభూతి పెట్టుటకు, కడసారి ముఖము చూచుటకు ఎందఱికో వీలు చిక్కలేదు. క్రియ జరుగలేదు గనుక తండ్రికి గతి కలిగినదో లేదో యను శంక పట్టి పీడింపబడుచున్న కొడుకులు నేటికిని కలరు. ఇట్టివారికి మఠములు ఒక మాట స్పష్టముగా చెప్పవచ్చును: దీక్షాకాలమున పొందిన లింగసంబంధము ఆస్పత్రి ద్వారమువద్ద తెగిపోవునది కాదు.

2024 సెప్టెంబరు 1వ తేదిని బుడమేరు గట్లు తెగి విజయవాడ నగరపు పల్లపు భాగములు మునిగినవి. ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారినది. భవానీపురములోను నీరు ప్రవేశించినది. నీరు తీసిన పిమ్మట బీరువాలు, పరుపులు, సరకులు లెక్కించి నష్టము వ్రాసికొనిరి. బురదలో నానిన పెండ్లిఫోటో, లింగైక్యమైన తల్లి కట్టిన నూలుచీర, కొడుకు చేతివ్రాత యున్న నోటుపుస్తకము ఏ పట్టికలోను ఎక్కవు. పాత శోకము మానివచ్చుచున్న యింట అట్టి వస్తువు పోయినచో, ఆ మరణము రెండవమాఱు జరిగినట్లగును.

బెజవాడ శైవులందఱికిని తెలిసిన కథ యొకటి ఇక్కడ జ్ఞప్తికి వచ్చును. పండితత్రయములో నొకరైన శ్రీపతిపండితులను, శివభక్తులతో కులభేదము చూపక పొత్తు కలిపినారని, ఊరివారు వెలివేసిరట. నిప్పు గూడ ఇవ్వమనిరట. ఆయన ఊరిలోని నిప్పునంతయు తన ఉత్తరీయమున మూటగట్టి జమ్మికొమ్మకు వ్రేలాడదీసెనట. గుడ్డ కాలలేదు, ఊరిలో పొయ్యి వెలుగలేదు. పెద్దలు వచ్చి వేడుకొన్న పిదపగాని ఆ మూట విప్పలేదు. అది శ్రీపతిపండితుల మహిమ. సామాన్యులు నిప్పును గుడ్డలో గట్టినచో గుడ్డయు కాలును, గట్టిన చేయియు కాలును. ఇంటింట శోకమును మూటగట్టి లోపల దాచుకొమ్మని చెప్పు పెద్దలు, అందఱును శ్రీపతిపండితులే యనుకొనుచున్నారు కాబోలు.

ఆ మూటను విప్పించు పద్ధతినే మాటల చికిత్స యందురు. దీని చరిత్ర నూఱేండ్లకు పైబడినది. వియన్నా నగరపు వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో శోకమును, విషాదరోగమును పోల్చి వ్రాసిన వ్యాసములో, పోయినవారినుండి మనసును కొంచెము కొంచెముగా వేఱుచేసికొనుటయే శోకము చేయు పని యనెను. తరువాత 1920లో ఆయన కుమార్తె సోఫీ మరణించినది. తొమ్మిదేండ్లు గడచినను, ఆమె బ్రతికియున్నచో 36 ఏండ్లు నిండు దినమున, మిత్రునికి జాబు వ్రాయుచు, ఆ వెలితి ఎన్నటికిని పూడదనియు, అట్లుండుటయే తగుననియు ఒప్పుకొనెను. సిద్ధాంతము చేసిన వాని యింటనే సిద్ధాంతమునకు సవరణ జరిగినది. పిదప 1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరమున ఒక విందుశాల తగులబడి 492 మంది మరణించిరి. ఎరిక్ లిండెమన్ అను వైద్యుడు ఆ మృతుల బంధువులను, ఇతర శోకార్తులను పరిశీలించి 1944లో ప్రకటించిన వ్యాసమున, ఏడ్వక నిబ్బరముగా నుండినవారిలో కొందఱికి శోకము ఆలస్యముగా, వికృతరూపమున బయటపడుటను వర్ణించెను. 8, 10 మాఱులు కూర్చుండబెట్టి మాటలాడించినచో చాలమంది కోలుకొందురనియు వ్రాసెను.

నేడు దీర్ఘశోకమునకు ప్రత్యేకముగా రూపొందిన చికిత్స న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున కేథరీన్ షియర్ అను వైద్యురాలు, ఆమె సహచరులు తీర్చిదిద్దినది. సాధారణముగా వారమునకు ఒకటి చొప్పున 16 సమావేశములు. అందు జరుగున దేమో తెలిసికొన్నచో సగము భయము తీఱును.

పడవప్రమాదమున కొడుకును పోగొట్టుకొని, నాటినుండి నదివైపు కిటికీ తెఱువని ఒక తల్లిని ఊహింతము. మొదటి సమావేశములలో చికిత్సకుడు ఆమె కొడుకునుగూర్చి వినును: ఎట్లుండెడివాడు, ఏమి తినెడివాడు, తల్లిని ఏమని పిలిచెడివాడు. శోకమనగా నేమో, అది ఎక్కడ చిక్కుపడినదో వివరించును. దినమునకు ఎప్పుడెప్పుడు బాధ హెచ్చినది, ఎప్పుడు కొంత తగ్గినది చిన్న పుస్తకమున వ్రాసికొమ్మనును. ఆమె మనసున నాటుకొనిన ముల్లు ఒకటుండును. "ఆనాడు వెళ్లవద్దని నేనొక్కమాట అనినచో" అనునదే అది. కొన్ని వారములకు ఆమెను కన్నులు మూసికొని, ఆ వార్త వచ్చిన గడియనుండి జరిగినదానిని, జరుగుచున్నట్లే చెప్పుమనును. కొన్ని నిమిషముల పనియే. కాని ఎంత కఠినమైనది! ఆ మాటలను రికార్డు చేసి యిచ్చి, ఇంటివద్ద వినుమనును. విన్న పిదప ఆ తలపును ప్రక్కన పెట్టి, మనసునకు హితమైన పని యేదైన చేయవలెను. మొదట గొంతు పెగలదు. వారములు గడచిన కొలది ఆ కథను తుదివఱకు చెప్పగలుగును. తనకు తెలియనిదానిని ఆపలేక పోతినని తన్ను తాను శిక్షించుకొనుచుంటినని తానే గ్రహించుట తఱచు ఇక్కడనే జరుగును. ఇతరులు వేయిసార్లు చెప్పినను ఎక్కని మాట అది.

ఆపైన దూరముగా నుంచిన చోట్లను మెల్లమెల్లగా సమీపించుట. ఒకనాడు కిటికీ తెఱచుట, ఒకనాడు ఘాటు వీధి మొదటివఱకు నడచుట, మఱియొకనాడు మెట్టుమీద కూర్చుండుట. ఫోటోలు ముందు పెట్టుకొని మంచి జ్ఞాపకములను, చేదు జ్ఞాపకములను గూడ చెప్పుట. పోయినవాడు ఎదుట నున్నట్లు భావించి అడుగవలసినది అడిగి, వాని పక్షమున తానే బదులు చెప్పుట గూడ ఈ చికిత్సలో నొక భాగము. నవ్వులాటగా తోచువారుందురు, ఆ బదులు వినుచు వెక్కివెక్కి ఏడ్చి తేలికపడినవారు నవ్వరు. వీనితోపాటు మొదటినుండియు ఇంకొక ప్రశ్న నడచుచుండును: ఈ శోకము సడలినచో నీకై నీవు ఏమి చేయగోరుదువు? కుట్టుపని నేర్పుట కావచ్చును, ప్రక్కయింటి పిల్లలకు చదువు చెప్పుట కావచ్చును. మఱచిపొమ్మని ఏ సమావేశములోను చెప్పరు. మఱపునకు ఇది మందు కాదు. బిడ్డకు హృదయమున చోటు మాఱక, తల్లికి లోకమున చోటు తిరిగి దొరకుటయే ఇందలి ప్రయత్నము.

ఇది మంత్రమువలె అందఱికి ఫలించునని చెప్పుట అసత్యమగును. 2005లో ప్రకటితమైన మొదటి పెద్ద పరీక్షలో ఈ చికిత్స పొందినవారిలో 51 శాతము మందికి గుణము కనిపించినది. మఱియొక మేలైన సంభాషణచికిత్స పొందినవారిలో 28 శాతమునకే. 2016లో ప్రకటితమైన మఱియొక పరీక్షలో, విషాదరోగమునకు వాడు మాత్రను ఈ చికిత్సకు చేర్చినను శోకము అదనముగా తగ్గలేదు. కలిసియున్న విషాదలక్షణములు మాత్రము మఱికొంత తగ్గినవి. అనగా మాత్ర వ్యర్థమని కాదు, శోకపు ముడిని విప్పునది మాటయే యని.

వీరశైవులకు మాటయొక్క మహిమను క్రొత్తగా చెప్పవలెనా? వచనమను పదమునకే పలికినది యని అర్థము. కల్యాణమున అల్లమప్రభువు అధ్యక్షతన అనుభవమంటపమున కూర్చున్నవారిలో చాకలి మడివాళ మాచయ్య యుండెను, చెప్పులు కుట్టు హరళయ్య యుండెను, కట్టెలు కొట్టు మోళిగె మారయ్య యుండెను, స్త్రీలుండిరి. ఎవరి అనుభవమును వారు తమ యింటిభాషలో పలికిరి; తక్కినవారు వినిరి. అనుభవమంటపమును చికిత్సాలయమనుట అతిశయోక్తి. వారి అన్వేషణ వేఱు. అయినను ఒకరు తన లోపలిదానిని పలుకుచుండగా జాతిని, హోదాను ప్రక్కనబెట్టి వినుటకు ఒక పీఠమును ఏర్పఱచిన సమాజము, నేడు ఒక విధవరాలికి అర్ధగంట చెవి యొగ్గలేక పోవుట వింత. చికిత్సలోని రెండవ పాయకును, మరల పనిలోనికి నడచుటకును, వీరశైవులయొద్ద పేరు కలదు, అది కాయకము. బియ్యపుగింజలు ఏఱుకొని దాసోహము చేసిన ఆయ్దక్కి లక్కమ్మ కథ ఎఱిగిన యింట, శోకార్తురాలికి "నీవు విశ్రాంతి తీసికొమ్ము, ఏమియు ముట్టకు" మని అన్ని పనులును చేతినుండి లాగికొనుట మేలుచేయదు. మఠములోని దాసోహమున కూరలు తఱుగుటకైనను ఆమెను పిలువవలెను. రాలేనన్న దినమున ఒత్తిడి చేయరాదు.

"ఇంటి గుట్టు పరుని యెదుట చెప్పుటయా? పిచ్చివైద్యునివద్దకు పోయినదన్నచో ఆడపిల్లకు సంబంధము వచ్చునా?" అను శంకలు ఈ ప్రాంతమున బలముగా నున్నవి. చికిత్సకుడు విన్నదానిని గోప్యముగా నుంచుట అతని వృత్తిధర్మము. 2017నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము ఆ గోప్యతను రోగి హక్కుగా చేసినది. గురువు స్థానమును వైద్యుడు ఆక్రమించునేమో యను సందేహము కొందఱు స్వాములకు గూడ కలదు. కన్ను పొర తీయించుకొన వెళ్లిన భక్తుడు గురువును విడిచినట్లా?

వైద్యులే కొఱతగదా యందురు, నిజమే. జింబాబ్వే దేశమున ఆ కొఱత ఇంకను ఘోరము. అక్కడ డిక్సన్ చిబాండా అను మానసికవైద్యుడు 2006నుండి వాడలోని అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆస్పత్రి ఆవరణలోని చెక్కబల్లపై కూర్చుండబెట్టి, దిగులుతో వచ్చువారితో మాటలాడించుచు వచ్చెను. 2016లో ప్రకటితమైన పరీక్షలో ఆరునెలలకు వారి దిగులు, వ్యాకులత ఇతరులకంటె బాగుగా తగ్గినట్లు తేలినది. అది ప్రత్యేకముగా శోకచికిత్స కాదు. దీర్ఘశోకపు ముదిరిన ముడిని అవ్వలు విప్పలేకపోవచ్చును. కాని ముడి పడకముందే ప్రక్కన కూర్చుండుటకు అవ్వ చాలును, జంగమయ్య చాలును.

జంగముడు సంచరించువాడు. ఏ యింట ఎవరు పోయినారో, ఎవరు ఎట్లున్నారో అతనికి తెలిసినంత ఏ ఆస్పత్రికిని తెలియదు. భిక్షకు వెళ్లిన యింట, పోయినవారి పేరును తానుగా ఎత్తవలెను. పేరెత్తినచో బాధ గుర్తువచ్చునని జంకుదురు. ఆ బాధ వారు మఱచినదెప్పుడు? "సుబ్బమ్మగారు ఉగాదికి బొబ్బట్లు చేసెడివారుగదా" అను మాట చాలును, ఆ యింటి మౌనము సడలుటకు. ఇంకను ఏడ్చుచుంటివా యని అడుగరాదు. అది కర్మమనియు, శివుని పరీక్ష యనియు త్వరపడి అర్థము చెప్పరాదు. పిల్లలను ప్రక్కగదికి పంపరాదు. నాన్న ఊరికి వెళ్లినాడని అబద్ధము చెప్పరాదు. ఊరికి వెళ్లినవాడు ఎందుకు రాలేదని ఆ పిల్లవాడు ఏండ్ల తరబడి తనలోనే అడుగుకొనును.

సంవత్సరము దాటియు ఆ యింటిలో గడియారము ఆగినట్లే యున్నచో, తిండి నిద్రలు మానినచో, మద్యము మొదలైనచో, వెళ్లినవారియొద్దకే తానును పోవుదునను మాట నోట వచ్చినచో ఆలసింపరాదు. ఆ చివరి మాట విన్నప్పుడు సంవత్సరము లెక్కపెట్టనక్కఱలేదు. ఆ దినముననే చర్య తీసికొనవలెను, ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలోని మానసికవైద్య విభాగమునకు తీసికొనిపోవచ్చును. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రాత్రింబవళ్లు ఏ వేళనైనను రుసుము లేక తెలుగులో మాటలాడుదురు. అయితే శోకార్తులు తామై ఫోను తీయుట, తామై ఆస్పత్రి మెట్లెక్కుట అరుదు. మొదటినాడు జంగమయ్యయో, మఠపు పెద్దలలో నొకరో వెంట నడచి, చీటీ వ్రాయించి, లోపలికి పిలుచువఱకు ఆ బల్లమీద ప్రక్కనే కూర్చుండవలెను.